పేరు మిగిలినవాళ్ళు

ఈ వారం ఓ టీవీ క్విజ్ చూసి చిర్రెత్తింది. "ఎ.ఆర్. రహ్మాన్ సినిమాల్లోకి రాకముందు పెట్టిన రాక్ బ్యాండ్ ఏది?" అని ప్రశ్న. కుర్రాడు టక్కున "నెమెసిస్ అవెన్యూ" అన్నాడు. చప్పట్లు. బ్యాండన్నాక ఒక్కడే ఉంటాడా? మిగతావాళ్ళ ఊసే లేదు.

1980ల మద్రాసు సంగతి. రహ్మాన్ అప్పటికింకా దిలీప్. 'రూట్స్' అనే మరో బృందంలోనూ కీబోర్డు వాయించాడు. శివమణి, జాన్ ఆంథొనీ, సురేష్ పీటర్స్, జోజో, రాజా అందులో తోటివాళ్ళు. బాలు గారి కచేరీలు చూసినవాళ్ళకి శివమణి గురించి చెప్పక్కర్లేదు. 1994లో 'ప్రేమికుడు'గా మన దగ్గరికొచ్చిన 'కాదలన్' పాటలు తమిళంలో విన్నవాళ్ళకి 'పేటై ర్యాప్'లో సురేష్ పీటర్స్ గొంతు గుర్తుండే ఉంటుంది.

మా ఊరి వినాయక చవితి పందిట్లో ఆర్కెస్ట్రా జరుగుతుంటే నేను స్టేజీ పక్కకి చేరేవాణ్ణి, కీబోర్డు ఆయన వేళ్ళు చూడ్డానికి. వేణువూ ఆయనే, వయొలిన్లూ ఆయనే, సన్నాయీ ఆయనే. గాయకుడు చరణం అందుకోవడం మర్చిపోతే, ఏమీ ఎరగనట్టు అదే బిట్టు ఇంకోసారి తిప్పేవాడు. జనానికి తెలిసేది కాదు. దండలు మాత్రం గాయకుడికే. అందర్నీ పేరుపేరునా పరిచయం చేసిన అనౌన్సరు, ఆయన దగ్గరికొచ్చేసరికి "ఇంకా మా బృందం" అనేసేవాడు. పోనీ, ఆయన మొహంలో చిన్నబోయిన జాడైనా ఉండేదా అంటే, అదీ లేదు. అందుకే నాకు ఇంకా మంట.

క్యాసెట్ అట్టల మీదా ఇదే గోల. 1992లో 'రోజా' రాకముందు దిలీప్ తెలుగు సంగీత దర్శకులు రాజ్-కోటి దగ్గర ఏళ్ళ తరబడి కీబోర్డు వాయించాడు. తండ్రి ఆర్.కె. శేఖర్ పోయేనాటికి అతనికి తొమ్మిదేళ్ళు. ఆ ఇంటిని నడిపింది మొదట వాద్యాల అద్దె, తర్వాత ఇలాంటి కాల్షీట్లు. రాక్ సంగీతం కాదు. ఆ తెలుగు పాటలకి మనం పెళ్ళి ఊరేగింపుల్లో గెంతాం. వాయించిందెవరని అడిగామా?

ఆ లెక్కన నెమెసిస్ అవెన్యూకి జరిగిన అన్యాయమేమీ లేదు. ఒక్కడి పుణ్యమా అని పేరైనా నిలిచింది, ఇన్నేళ్ళకి ఓ కుర్రాడి నోట పలికింది. క్విజ్ ప్రశ్నగానైనా మిగలనిది కాల్షీటు లెక్కన వాయించి, డబ్బు పుచ్చుకుని, బస్సెక్కి వెళ్ళిపోయినవాళ్ళు.

మీ అటక మీద 1992కి ముందటి తెలుగు క్యాసెట్లుంటే ఓసారి దించండి. కీబోర్డు వాయించినవాళ్ళ పేరు అచ్చయిన అట్ట ఒక్కటి కనబడినా నాకు రాయండి.