కుచ్చిళ్లు కట్టిన బాలుడు

కూచిపూడి నాట్యం నేర్చుకోవడానికి వచ్చే ఏడెనిమిదేళ్ల మగపిల్లవాడు, తోటి ఆడపిల్లల్లాగే తానూ పరికిణీ కట్టుకుని తరగతికి వెళతానని అడిగినప్పుడు, ఇంట్లో పెద్దలు సాధారణంగా రెండు మాటలు అంటారు: నలుగురూ నవ్వుతారన్నది మొదటిది, అలవాటైపోతుందన్నది రెండవది. ఈ రెండు భయాలూ పిల్లవాడి మేలు కోరి పుట్టినవే కాబట్టి వాటిని తేలికగా తీసిపారేయడం న్యాయం కాదు. అయితే అవి ఏ కళను నేర్వబోయే బాలుడి విషయంలో కలుగుతున్నాయో ఆ కళ గడిచి వచ్చిన దారిని ముందుంచుకుని చూసినప్పుడు, అడగవలసిన ప్రశ్న పిల్లవాడి బట్ట గురించి కాక పెద్దల చూపు గురించి అని తేలుతుంది.

కృష్ణా జిల్లాలోని కూచిపూడి గ్రామంలో ఈ నాట్యం తరతరాలుగా పురుషుల బృందాలు ఆడిన యక్షగానంగా, అంటే పాట, మాట, ఆట మూడూ కలిసిన నాటకంగా పెరిగింది. స్త్రీ పాత్రలను పురుషులే ధరించే ఈ పద్ధతిని స్త్రీవేషం అంటారు. భామాకలాపాన్ని రచించాడని చెప్పే సిద్ధేంద్ర యోగి, ఆ ఊరి భాగవతుల కుటుంబాలలో పుట్టిన ప్రతి మగబిడ్డా జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని నియమం పెట్టినట్లు సంప్రదాయం చెబుతుంది. అది చారిత్రక సత్యమైనా కాకపోయినా, వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి వంటి ఇంటిపేర్లున్న కుటుంబాలు దానిని తమ కథగా చెప్పుకున్నాయన్నదే ఇక్కడ ముఖ్యం. మగపిల్లవాడు ఆడవేషం కట్టడం ఆ ఊరిలో దాచుకోవలసిన సంగతి కాదు, తీర్చుకోవలసిన బాధ్యత. భరతుని నాట్యశాస్త్రం సైతం పాత్రధారణను విభజిస్తూ, పురుషుడు స్త్రీ స్వభావాన్ని గాని స్త్రీ పురుష స్వభావాన్ని గాని అనుకరించి నటించడాన్ని రూపానురూపిణి అనే ప్రత్యేక వర్గంగా గుర్తించింది.

ఈ వేషధారణ ఎంత పెద్ద విద్యగా ఎదిగిందో వేదాంతం సత్యనారాయణ శర్మ (1935–2012) జీవితం చూపుతుంది. సత్యభామగా, ఉషగా, దేవదేవిగా ఆయన సాధించిన పేరుకు 1961లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1970లో పద్మశ్రీ లభించాయి. పద్యనాటక రంగంలో అంతకుముందే స్థానం నరసింహారావు (1902–1971) సత్యభామ, చిత్రాంగి, రోషనార, మధురవాణి పాత్రలతో ప్రేక్షకులను ముగ్ధులను చేసి, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. వీరి కళ కట్టుకున్న చీరలో లేదు, అయినా చీర లేకుండా ఆ కళ పూర్తి కాలేదు. అభినయాన్ని శాస్త్రం నాలుగుగా విభజించి, శరీర కదలికలను ఆంగికమనీ, పాటను, మాటను వాచికమనీ, మనోభావం ఒంటిమీదికి పొంగి రావడాన్ని సాత్వికమనీ అన్నప్పుడు, వాటి సరసనే దుస్తులను, నగలను, రంగును ఆహార్యం అనే పేరుతో నిలబెట్టింది. అంటే వస్త్రాన్ని అలంకారంగా మాత్రమే గాక అభినయ సాధనంగా లెక్కించింది. భామాకలాపంలో సత్యభామ తెర వెనుక నుండి తన జడను తెరమీదుగా ప్రేక్షకులవైపు వేసి, విద్యలో తనను మించినవారెవరైనా ఉంటే రమ్మని సవాలు చేసే ఆచారాన్ని గమనిస్తే, వేషంలోని ఒక్క భాగం ఎంత అర్థాన్ని మోయగలదో తెలుస్తుంది.

ఇంతవరకు చెప్పినది చాలు, సంప్రదాయమే అనుమతిస్తున్నది కదా అని తీర్పు ఇవ్వడం సులభమే గాని, అది సగం నిజమే అవుతుంది. కూచిపూడి స్త్రీవేషం కొన్ని కుటుంబాల మగవారికి మాత్రమే దక్కిన హక్కు, స్త్రీలను రంగస్థలానికి దూరంగా ఉంచిన ఏర్పాటులో భాగం. ఆలయాలలోను, సభలలోను నృత్యం చేసిన, దేవదాసీ సంప్రదాయానికి చెందిన కళావంతుల స్త్రీలు ఇదే సత్యభామను తమ పద్ధతిలో ఆడినా, వారికి ఆ గౌరవం దక్కలేదు. 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీ వ్యవస్థను నిషేధిస్తూ చేసిన చట్టం తరువాత వారి విద్యకు వేదికే కరువైంది. పైగా స్త్రీవేషాన్ని ఒప్పుకున్న సమాజం అది వేషంగా ఉన్నంతవరకే, అంటే తెల్లవారేసరికి విప్పేసి మగవాడుగా ఇంటికి వస్తాడన్న హామీమీదనే ఒప్పుకుంది. తిరుపతి గంగమ్మ జాతరలో మగవారు మొక్కుగా చీర కట్టి, నగలు పెట్టుకుని ఊరేగినప్పుడు కూడా లోకం ఇలాగే ప్రవర్తిస్తుంది; జాతరలో చేతులెత్తి మొక్కిన వేషమే మామూలు రోజున వీధిలో కనబడితే ముఖం చిట్లిస్తుంది. అందువల్ల ప్రదర్శన ఏదీ లేకుండా, పాత్ర ఏదీ లేకుండా, కేవలం ఇష్టపడి పరికిణీ అడిగిన పిల్లవాడికి సంప్రదాయం పూర్తి సమాధానం ఇవ్వదు, దారి మాత్రం చూపుతుంది.

ఆ దారి ఎటు సాగుతుందో తరువాతి చరిత్ర తెలుపుతుంది. 20వ శతాబ్దపు తొలి సగంలో వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి వంటి గురువులు స్త్రీలకు కూచిపూడి నేర్పారు. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీని నెలకొల్పిన తరువాత స్త్రీలే ఈ నాట్యానికి ప్రధాన ముఖమయ్యారు. అదే సమయంలో, కళావంతుల నృత్యానికి ఆంధ్రనాట్యం అనే పేరుతో మళ్లీ ప్రాణం పోసిన నటరాజ రామకృష్ణ (1923–2011), పిఠాపురం కుంతీమాధవాలయంలో తొమ్మిది రాత్రులు సాగిన నవజనార్దన పారిజాతాన్ని తన శిష్యుడు కళాకృష్ణకు నేర్పగా, స్త్రీలు కాపాడిన సత్యభామ స్త్రీవేషం కట్టిన పురుషుని ద్వారా నేటి వేదికకు చేరింది. నేడు బాలికలు నెమలిపింఛం పెట్టుకుని కృష్ణులవుతున్నారు, పులితోలు చుట్టుకుని శివులవుతున్నారు; వారి తల్లిదండ్రులు ఫోటోలు తీసుకుని మురిసిపోతున్నారే గాని, అలవాటైపోతుందేమోనని దిగులు పడడం లేదు. నాట్యశాస్త్రం ఇరువైపులా తెరిచిన తలుపును నేటి ఇల్లు ఒకవైపే మూసిందన్నమాట. బాలిక మగవేషం కట్టడం పైకి ఎక్కడమనీ, బాలుడు ఆడవేషం కట్టడం కిందికి దిగడమనీ మనసులో ఎక్కడో లెక్క ఉంటే తప్ప ఈ తేడాకు అర్థం ఉండదు. ఆ లెక్కను పిల్లవాడికి అంటగడితే, అతడు తన దుస్తుల గురించి కన్నా ముందు పక్కన నిలుచున్న ఆడపిల్ల విలువ గురించి తప్పుడు పాఠం నేర్చుకుంటాడు.

తరగతిలో దుస్తుల గురించి గురువు ఆలోచించవలసిన అసలు విషయం వేరే ఉన్నది. మోకాళ్లను ఇరువైపులకు విప్పి సగం కూర్చున్నట్లు నిలిచే అరమండిలో మోకాలు పాదం దిక్కుకే తిరిగిందా లేదా అన్నది కళ్లారా చూడాలి. చీలమండను మించి జారే పరికిణీ ఆ మోకాలిని దాచేస్తుంది, త్వరిత కాలంలో పాదానికి అడ్డం పడుతుంది. సాధన చీరను పైజామామీద మోకాళ్లకు కొంచెం కిందివరకే కట్టి, చెంగును నడుముకు బిగించే అలవాటు ఈ అవసరం నుండే వచ్చింది. ఈ నియమం బాలికకు ఎంత వర్తిస్తుందో బాలుడికీ అంతే వర్తిస్తుంది. కనుక ఆ పిల్లవాడికి కూడా అదే కొలతలో, పైజామామీద సాధన చీరనో పొట్టి పరికిణీనో కట్టనిస్తే అటు శాస్త్రానికీ ఇటు కోరికకూ లోటుండదు. కుచ్చిళ్లు విచ్చుకునే కొద్దీ అరమండి ఎంత లోతుగా ఉన్నదో పిల్లవాడికి తెలుస్తుంది. నడకలో బట్ట కాలికి తగిలే తీరు అడుగు పొడవును నేర్పుతుంది. ఈ జ్ఞానం చొక్కా పైజామాలలో అదే విధంగా అందదు.

ఇక నలుగురూ నవ్వుతారన్న మొదటి భయం, అలవాటైపోతుందన్న రెండవ భయం మిగిలాయి. తోటి పిల్లలు నవ్వే అవకాశం నిజంగానే ఉన్నది గనుక, అనుమతి ఇవ్వడంతో పెద్దల పని ముగియదు: ముందుగా గురువుతో మాట్లాడాలి, నవ్వును మొదటి రోజే ఆపే బాధ్యత గురువు తీసుకోవాలి, ఏ వారం ఏది కట్టుకోవాలో తేల్చుకునే స్వేచ్ఛ పిల్లవాడికే వదలాలి, వద్దనుకున్ననాడు ఎందుకని నిలదీయకూడదు. రెండవ భయానికి సమాధానంగా స్త్రీవేషధారులందరూ సంసారులే కదా అని చెప్పుకునే ఊరట ఒకటి ప్రచారంలో ఉన్నది గాని, అది పిల్లవాడికి షరతు పెట్టే ఊరట. అతడు పెద్దయ్యాక ఎవరవుతాడన్నది పరికిణీ తేల్చదు, ఎవరైనా సరే నేడు చెప్పించుకునే పాఠానికి అర్హత తగ్గదు. వస్త్రం విషయంలో తల్లిదండ్రులు అడగవలసినవి రెండే: కాలికి అడ్డం పడుతున్నదా, సాధనపై మనసు నిలుపుతున్నదా. మొదటిదానికి కాదని, రెండవదానికి అవునని జవాబు వచ్చినప్పుడు, కుట్టించి ఇవ్వడమే సబబు.