అడగకుండా ఊహించే పాఠకుడు

సాఫ్ట్‌వేర్ మాన్యువల్ మీద సాహిత్య విమర్శ ఏంటని మీకు అనిపించొచ్చు. నాకు మాత్రం ఇవాళ రాస్తున్న వచనంలో అందరికంటే మాట పట్టింపు ఎక్కువున్న పాఠకుడు దానికే దొరికాడనిపిస్తోంది. ఆ పాఠకుడు మనిషి కాదు, ఏఐ ఏజెంట్.

ఏజెంట్ ఒక పని చేయాలంటే దానికి టూల్స్ కావాలి. ప్రతి టూల్‌కీ ఒక పేరు, నాలుగు వాక్యాల వివరణ, ఏమేం ఇవ్వాలో చెప్పే జాబితా ఉంటాయి. 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లోనూ టూల్ అంటే ఇవే. లోపలి కోడ్ సాధారణంగా ఏజెంట్‌కి కనపడదు. ఎప్పుడు వాడాలో, ఏమివ్వాలో ఆ నాలుగు వాక్యాలే చెప్పాలి.

ఉదాహరణకి నేను కల్పించిన ఒక వివరణ చూడండి: ‘వ్యక్తి రికార్డు తెస్తుంది. పేరు ఇవ్వాలి.’ వ్యాకరణం బాగానే ఉంది. ఇప్పుడు దీన్ని హైదరాబాద్ పాతబస్తీకి తీసుకెళ్దాం. మొగల్‌పురాలో ఒకాయనకి ఒక కార్డు మీద ‘ఎండీ’ అని రెండక్షరాలే ఉంటాయి, ఇంకో కార్డు మీద పూర్తిగా ‘మహమ్మద్’. ఇంగ్లీషులో ఆ ఒక్క మాటకే ఎన్నో స్పెల్లింగులు. పక్కింటి తెలుగాయనకి ఇంటిపేరు ముందొస్తుంది, ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా. ‘పేరు’ అంటే వీటిలో ఏది? వివరణ చెప్పదు. ఏజెంట్ ఏదో ఒకటి ఊహించి పంపిస్తుంది. ఖాళీ జవాబొస్తుంది. ‘మీ పేరు రికార్డుల్లో లేదండీ’ అని ఎంతో మర్యాదగా చెప్తుంది. అడిగింది వితంతు పింఛను కోసం తిరుగుతున్న ఆవిడైతే, ఆ మర్యాద ఆవిడకేం పనికొస్తుంది?

2001లో ఈసేవ వచ్చింది, 2011లో మీసేవ. ఇలాంటి సెంటర్లు నడిచేది కంప్యూటర్‌తో మాత్రమే కాదు, దాని ముందు కూర్చున్న మనిషితో కూడా. శాలిబండలో ఉర్దూలో విని, ఇంగ్లీషులో టైపు చేసే ఆపరేటర్‌ని ఊహించుకోండి. పేరుతో దొరక్కపోతే ‘జర కార్డు నంబర్ చెప్పమ్మా’ అంటాడు. ఆ వాక్యం ఏ మాన్యువల్లోనూ ఉండక్కర్లేదు, అతనుంటే చాలు. ఇప్పుడు సేవలు ఫోన్లోకి వస్తున్నాయి. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లో 161 సేవలు మొదలుపెట్టింది. రేపు ఆపరేటర్ కుర్చీలో ఏజెంట్ కూర్చుంటే, అతని నోట్లో ఉన్న మాట కాగితం మీదికి రావాలి.

అందుకే పై వివరణని నేనిలా తిరగరాస్తాను: ‘వ్యక్తి రికార్డుని వెతుకుతుంది, దేన్నీ మార్చదు. కార్డు నంబర్ ఉంటే అదే ఇవ్వండి, లేనప్పుడే పేరు. పేరు కార్డు మీద ఉన్న స్పెల్లింగ్‌లోనే ఉండాలి. ఖాళీ జవాబొస్తే రికార్డు లేదని కాదు, ఆ స్పెల్లింగ్‌తో దొరకలేదని. అప్పుడు నంబర్ అడగండి.’ ఇందులో పొగిడే విశేషణం ఒక్కటీ లేదు. బలమంతా ‘మార్చదు’, ‘కాదు’ అన్న వ్యతిరేక క్రియల్లో ఉంది. 1971 నాటి యూనిక్స్ మాన్యువల్లో బగ్స్ అని ఒక విభాగమే ఉండేది. తాము చేసిన టూల్ ఎక్కడ తడబడుతుందో చేసినవాళ్లే రాసిపెట్టారు. మనం ఇప్పుడు ‘శక్తివంతమైన’, ‘సులభమైన’ అని రాసుకుంటున్నాం.

మోడళ్లు తెలివైనవైపోతున్నాయి కదా, ఇంత వివరం దేనికని ఓ మిత్రుడి వాదన. నాకు తిరగేసి కనిపిస్తోంది. తెలివైన పాఠకుడు ఖాళీని మరింత నమ్మేలా పూరిస్తాడు. తప్పు పట్టుకోవడం అంత కష్టమవుతుంది. అలాగని పేజీలకి పేజీలు రాసినా లాభం లేదు. ఆ సోదిలో అసలు మాట మునిగిపోతుంది.

ఏది రాయాలో, ఏది వదలాలో మాదాపూర్‌లో స్క్రీన్ ముందు కూర్చుంటే తేలదు. టూల్ రాసిన ప్రోగ్రామర్ ఒక పూట శాలిబండలో ఆ ఆపరేటర్ పక్కన స్టూలేసుకుని కూర్చోవాలి. అతను రోజుకి ఏ మాట ఎక్కువసార్లు చెప్తున్నాడో వినాలి. వివరణలో మొదట రాయాల్సిన వాక్యం అదే.