జానెడు దిగి, జానెడు లేచి

మా అమ్మాయిని జిమ్నాస్టిక్స్ క్లాసులో దింపి, గంటన్నరసేపు గోడవార బెంచీమీద కూర్చునే తండ్రుల్లో నేనొకణ్ణి. ఆ బెంచీ మీంచి చూస్తే హాలు చివర చాపమీద ఒక కుర్రాడు కనిపిస్తాడు. పిల్లల క్లాసు నడుస్తున్నంతసేపూ తన పని తాను చేసుకుంటుంటాడు. చేతులమీద లేచి నిలబడతాడు. మోచేతులు మడుస్తూ, తల చాపకు ఆనీ ఆననట్టు ఆనేదాకా దిగుతాడు. మళ్ళీ చేతులు చాచి లేస్తాడు. హ్యాండ్‌స్టాండ్ పుషప్ అంటే ఇదే. ఒక్కోటి నాలుగైదు సెకన్లు పడుతుంది. అయిదు చేసి, కాళ్ళు దించి, మణికట్లు తిప్పుకుంటూ కాసేపు కూర్చుంటాడు.

మొదట్లో నాకు అతని భుజాల బలమే కనిపించింది. చూడగా చూడగా తెలిసిందేమంటే, బలం అందులో సగమే. మధ్యలో ఎక్కడ ఆపి ఫొటో తీసినా, ఆ ఫొటోలో అతను దిగుతున్నాడో లేస్తున్నాడో చెప్పలేం. దిగేటప్పుడు ఒళ్ళు ఎలా ఉందో లేచేటప్పుడూ అలాగే ఉంటుంది, అదే దారి, అదే వేగం. లేవడానికి కష్టపడేవాళ్ళను చాలామందిని చూశాను. దిగడానికి ఇంత శ్రద్ధ పెట్టేవాణ్ణి మాత్రం ఇతన్నే చూశాను. ఈ విద్యలో పనితనమంతా దిగడంలోనే ఉందని నాకు గట్టి నమ్మకం కుదిరింది. ఆ నమ్మకం కొంత చూసి కుదిరింది, కొంత మెడ పట్టేసి కుదిరింది. మెడ సంగతి తర్వాత చెబుతాను.

ముందు చేతుల సంగతి. భుజాల వెడల్పుకంటే కాస్త ఎడంగా అరచేతులు ఆనిస్తాడు. వేళ్ళన్నీ విప్పి, కణుపులు కొద్దిగా లేపి, కొసలతో చాపను గీరుతున్నట్టు పెడతాడు. అలవాటు కాబోలనుకున్నాను. కాదు, చుక్కాని అక్కడే ఉంది. కాళ్ళు వీపువైపు వాలిపోబోతుంటే వేలికొసలతో నొక్కుతాడు, ఒళ్ళు వెనక్కి వస్తుంది. పొట్టవైపు పడబోతే బరువును అరచేతి మడమమీదికి మార్చుకుంటాడు. నేలమీద నిలబడ్డప్పుడు మన పాదాలూ చీలమండలూ మనకు తెలియకుండా చేసే పనినే ఇక్కడ వేళ్ళూ మణికట్లూ చేస్తాయి. కాకపోతే పాదం పొడవు ఎక్కువ, మడమ గట్టిది. అరచేతికి ఆ రెండూ లేవు. అందుకే చేతులమీద కదలకుండా నిలబడ్డ మనిషిని దగ్గరికెళ్ళి చూస్తే వేళ్ళు క్షణం కూడా ఊరుకోవు. పాలిపోతుంటాయి, ఎర్రబడుతుంటాయి.

తర్వాత భుజాలు. ‘భుజాలు చెవులకు దూరంగా ఉంచండి’ అని మామూలు వ్యాయామాల్లో చెబుతారు. ఇక్కడ దానికి పూర్తిగా ఎదురు. నేలను కిందికి తోసేస్తున్నట్టు భుజాలను చెవులదాకా ఎత్తిపెట్టాలి. ఈ తోపు ఎంత ముఖ్యమో తెలియాలంటే వాల్ట్ చూడాలి. మన హైదరాబాదు అమ్మాయి బుద్దా అరుణారెడ్డి 2018లో మెల్‌బోర్న్ ప్రపంచ కప్ పోటీలో కాంస్యం తెచ్చింది వాల్ట్‌లోనే. పరుగెత్తుకొచ్చిన జిమ్నాస్ట్ వాల్ట్ బల్లమీద తలకిందులుగా చేతులు ఆనించేది రెప్పపాటు. అంతలో మోచేతులు మడిచి చాచడానికి వ్యవధి ఉండదు. మనిషిని గాల్లోకి లేపేది చాలావరకు భుజాల తోపే. మా కుర్రాడు ప్రతి పుషప్ చివర్లోనూ, చేతులు పూర్తిగా చాచాక కూడా, ఇంకో అంగుళం పైకి లేస్తాడు. ఆ అంగుళం భుజాలది. ఎక్కువమంది ఎగ్గొట్టేది కూడా దాన్నే.

ఇక దిగడం. చేతులమీద నిలువుగా ఉన్న మనిషి నిలువుగానే దిగుతాడని మనం అనుకుంటాం. అలా దిగడు, దిగలేడు. బార్ ఎత్తేవాణ్ణి గుర్తు తెచ్చుకోండి. బార్‌ను తలమీదినుంచి దించేటప్పుడు ముఖం ముందుగా దించుకుంటాడు కదా, నడినెత్తిమీదికి దించుకోడు. అదే పని తలకిందులుగా చేస్తే, తల రెండు చేతుల మధ్యకు కాక, వేలికొసలకు కాస్త అవతల దిగాలి. చివర్లో రెండు అరచేతులూ తలా కలిపి ముక్కాలి పీట కాళ్ళలా త్రికోణంగా ఉండాలి. ముంజేతులు నిటారుగా, మోచేతులు బయటికి రెక్కల్లా విచ్చుకోకుండా ఏటవాలుగా వెనక్కి. తలా భుజాలూ అలా వేళ్ళవైపు జరిగాయి కాబట్టి, తూకం నిలవాలంటే కాళ్ళు రెండోవైపు, అంటే పొట్టవైపు, ఆ మేరకు వాలాలి. నడుము విరగకూడదు. భుజాలనుంచి బొటనవేళ్ళదాకా ఒకే దూలంలా ఉన్న ఒళ్ళు ఒరుగుతూ దిగి, ఒరుగుతూనే నిటారై లేవాలి. ఈ కుర్రాడి పాదాలు కిందికి రావడం కంటే పక్కకు జరగడమే ముందు కనిపిస్తుంది. ఆ జరుగుబాటు బెత్తెడుకు మించదు. చూసిన ప్రతిసారీ, గోడ కడుతూ దారానికి కట్టిన గుండు వదిలి చూసుకునే మేస్త్రీ గుర్తొస్తాడు నాకు.

ఈ ఒక్క సంగతి తెలియకపోవడం వల్లే నేర్చుకునేవాళ్ళలో సగంమంది దారి తప్పుతారు. ఎలాగంటే, అందరూ గోడకు ఎదురుగా చేతులు ఆనించి, కాళ్ళు విసిరి, మడమలు గోడకు చేర్చి మొదలుపెడతారు. అంటే వీపు గోడవైపు ఉంటుంది. తల ముందుకు జరగాల్సిన వైపే గోడ అడ్డంగా ఉంటుంది. దానితో తల నేరుగా చేతుల మధ్యకు దిగుతుంది, మోచేతులు రెక్కల్లా విచ్చుకుంటాయి, నడుము అరటిపండులా వంగుతుంది. గోడ ఆసరా తీసేసిన రోజున ఆ అలవాటు దేనికీ పనికిరాదు. పొట్ట గోడవైపు పెట్టి చేసి చూడండి. గోడకు పాదాలు ఆనించి, వాటితో పైకి పాకుతూ, చేతులతో వెనక్కి నడుస్తూ గోడ దగ్గరికి చేరాలి. ఇప్పుడు ఆనేవి కాలివేళ్ళు మాత్రమే. తలకు ముందు ఖాళీ ఉంది. కాళ్ళు వాలాల్సిన వైపే గోడ ఉంది. ఒళ్ళు తనంతట తానే సరైన దారిలో దిగుతుంది. ఇలా చేయడానికి భయమేస్తుంది, నిజమే. గోడమీద పాదాల మరకలు కూడా పడతాయి. మా ఇంట్లో ఆ మరకల గురించి జరిగిన చర్చ ఇక్కడ అనవసరం.

మెడ సంగతికి వస్తాను. ఈ పుషప్ నేర్చుకుందామని నేను మొదలుపెట్టింది మా పేటలోని ఒక జిమ్‌లో. మొదటి వారంలోనే నన్ను గోడకు ఎక్కించి, కాళ్ళు పట్టుకుని, పది చేయమన్నారు. నాలుగోదాకా దిగాను. అయిదోది దిగలేదు, పడ్డాను. తల కింద రెండు దిండ్లు ఉన్నాయి కాబట్టి బతికానని అందరూ అన్నారు. తర్వాత ఆలోచిస్తే ఆ దిండ్లే నా కొంప ముంచాయని తేలింది. మెత్తటి దిండులో తల ఎక్కడ ఆగుతుందో తెలియదు. ఆగాక కూడా ఊగుతుంది. ఆ ఊగే మెడమీద మనిషి బరువంతా పడుతుంది. మామూలు పుషప్‌లో చేతులమీద పడేది ఒంటి బరువులో సుమారు మూడింట రెండొంతులు. ఇక్కడ ముంజేతులు మినహా మొత్తం పడుతుంది. నా 65 కిలోలు ఆ రోజు దాదాపుగా మెడే మోసింది. పది రోజులు పక్కకు తిరిగి చూడాలంటే ఒళ్ళంతా తిప్పాల్సి వచ్చింది.

తప్పు నాదీ ఉంది. గోడకు పొట్ట పెట్టి ఒక నిమిషం నిలబడలేనివాడికి పుషప్‌తో ఏం పని? కుర్రాడు ఆ మాట ఇంకా మర్యాదగా చెప్పాడు. ‘అంకుల్, ముందు పడ్డం నేర్చుకోండి’ అన్నాడు. తూకం తప్పినప్పుడు ఒక చెయ్యి తీసి పక్కకు తిరిగి కాళ్ళమీద దిగడం, లేదా గడ్డం ఛాతీకి చేర్చి పిల్లిమొగ్గ వేయడం. వారంపాటు అదే చేశాను. పడ్డం వచ్చాక భయం సగం తగ్గింది. భయం తగ్గాక నడుము వంపు కూడా తగ్గింది, అదెలాగో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

తర్వాత అతను చేయించినవన్నీ దిగడాలే. నడుము ఎత్తి, చేతులూ కాళ్ళూ నేలమీదే ఉంచి తల వేళ్ళకు ముందుకు దించడం. అదే పాదాలు కుర్చీమీద పెట్టి. ఆ తర్వాత గోడమీద, అయిదు లెక్కపెడుతూ ఒకే ఒక్కసారి దిగి, మోకాళ్ళు ముడిచి కాళ్ళు దించేయడం. లేవడం లేదు. కండరం లేపగలిగిన దానికంటే ఎక్కువ బరువును ఆపుతూ దించగలదు. అందుకే ఇంకా లేవలేనివాడికి కూడా దిగడంలో అభ్యాసం దొరుకుతుంది. వారానికి మూడు రోజులే, రోజుకు నాలుగైదుసార్లే. ‘ఇంతేనా’ అని నాకు అనిపించింది. కండ వారాల్లో పెరుగుతుంది, మణికట్టు స్నాయువులూ భుజం కీళ్ళూ గట్టిపడడానికి నెలలు పడుతుంది. రోజూ ఒళ్ళు అలిసిపోయేదాకా చేసేవాడికి మూడో నెలలో మణికట్టుకు గుడ్డ చుట్టుకోవాల్సి వస్తుందని అతని హెచ్చరిక. ఆ హాల్లో అలాంటి గుడ్డ చుట్టుకున్నవాళ్ళు ఇద్దరున్నారు, ఇద్దరూ తొందరపడ్డవాళ్ళే.

ఈ విద్య పాత సంగతులు వెతుకుతుంటే సిగ్‌మండ్ క్లైన్ అనే ఆయన తగిలాడు. 1902లో జర్మనీలో పుట్టి, అమెరికాలో క్లీవ్‌లాండ్‌లో పెరిగి, న్యూయార్క్‌లో దశాబ్దాలపాటు వ్యాయామశాల నడిపాడు. ఆయన మామగారు ప్రొఫెసర్ అట్టిలా, పేరుమోసిన బలశాలి శాండోకు గురువు. మన బజార్లో ఇప్పటికీ అడిగి కొనుక్కునే శాండో బనియన్‌కు ఆ శాండో పేరే. క్లైన్ పెద్ద శరీరం ఉన్నవాడు కాదు. ఆయన పేరుపడ్డ విన్యాసాల్లో ఒకటి టైగర్ బెండ్. చేతులమీద నిలబడి, మోచేతులు నేలకు ఆనేదాకా, అంటే ముంజేతులు మొత్తం నేలమీద పరుచుకునేదాకా దిగి, అక్కణ్ణుంచి మళ్ళీ అరచేతులమీదికి లేవడం. మామూలు హ్యాండ్‌స్టాండ్ పుషప్‌లో తల నేలకు తగిలి మనల్ని ఆపేస్తుంది. అది ఒకరకంగా దయ. తల నుంచి భుజందాకా ఉన్న జానెడు దూరం మనం దిగనే దిగం. చేతుల కింద కొయ్య దిమ్మెలు పెట్టి ఆ జానెడు కూడా దిగితే, అప్పుడు తెలుస్తుంది అంతదాకా చేసింది సగం పుషప్ అని. జిమ్నాస్ట్‌లు పొట్టి బార్లమీద, ఆ తర్వాత వేలాడే రింగులమీద చేసేది ఆ మొత్తం పుషప్‌నే. రింగులమీద చేతుల కింద నేల కూడా కదులుతుంటుంది.

క్రాస్‌ఫిట్‌వాళ్ళ పద్ధతి వేరు. వాళ్ళ ‘డయాన్’ అనే పందెంలో 102 కిలోల డెడ్‌లిఫ్ట్‌లూ హ్యాండ్‌స్టాండ్ పుషప్‌లూ 21, 15, 9 చొప్పున గడియారం చూసుకుంటూ చేస్తారు. తల నేలకు చేర్చి, మోకాళ్ళు ఛాతీకి ముడిచి, ఒక్క తన్నుతో లేస్తారు. దాన్ని తక్కువ చేయను, అదొక తెలివి. కానీ అందులో దిగడం ఉండదు, జారడం ఉంటుంది. పనితనం చూడాలనుకునేవాడికి అక్కడ చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. పైగా భుజాలు సిద్ధం కాకముందే ఆ తన్ను నేర్చుకున్నవాళ్ళ మెడలను చూస్తే నాకు నా దిండ్లు గుర్తొస్తాయి.

ఒక ముఖ్యమైన మాట. ఇది అందరూ చేయాల్సింది కాదు. శీర్షాసనంలో కంటి లోపలి ఒత్తిడి దాదాపు రెట్టింపవుతుందని చెన్నై శంకర నేత్రాలయ వైద్యులు 2006లో ప్రచురించిన అధ్యయనంలో కొలిచి చెప్పారు. గ్లాకోమా, రక్తపోటు, మెడ ఎముకల అరుగుదల ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగకుండా తలకిందులు కావద్దు. మిగతావాళ్ళు కూడా ఊపిరి బిగబట్టకుండా, దిగుతూ పీల్చి లేస్తూ వదలడం అలవాటు చేసుకోండి.

దిండ్లు తీసేశాక కుర్రాడు నా తల కిందికి ఇంకోటి చెప్పాడు. గట్టిగా, కదలకుండా ఉండేది ఏదైనా సరే, దానిమీదికి తల ఆనేదాకా మాత్రమే దిగమన్నాడు. ఒక్కో వారం కొద్దికొద్దిగా ఎత్తు తగ్గించమన్నాడు. మా ఇంట్లో పాత వారపత్రికలకు కొదవ లేదు. ముప్ఫై సంచికలు పేర్చి, పురికొసతో నాలుగువైపులా బిగించి కట్టాను. వారానికి రెండో మూడో తీస్తున్నాను, దిగడం చెడిన వారం ఒకటి తిరిగి పెడుతున్నాను. ఇవాళ్టికి నా తల కింద తొమ్మిది సంచికలున్నాయి.