కమలా చక్రాలు

ఒహాయోలో డిసెంబరు ఎండ వచ్చేదే తక్కువ, వచ్చినా వాలుగానే వస్తుంది. మధ్యాహ్నం మూడింటికి ఆ ఎండ మా అక్క వంటింటి కిటికీలో వేలాడుతున్న ఎండు కమలా చక్రాల మీద పడింది. కాఫీ మీద మీగడ కట్టేదాకా అక్కడే నిలబడిపోయాను.

క్రిస్మస్‌కి అక్కడి ఇళ్లలో ఇది మామూలు అలంకారమే. కమలాపండును అడ్డంగా, అర సెంటీమీటరు మందాన కోస్తారు. గుడ్డతో తడి అద్ది, ఇనుప జాలీ మీద పరిచి, ఓవెన్‌లో 95 డిగ్రీల సెల్సియస్ దగ్గర మూడు నాలుగు గంటలు ఉంచుతారు. సెగ పెంచితే అంచులు మాడి నడుమ పచ్చి మిగులుతుంది. ఆ పచ్చి తర్వాత బూజై బయటపడుతుంది.

అడ్డంగా అన్నాను కదా, అందమంతా ఆ కోతలోనే ఉంది. తొనల మధ్య తెల్లపొరలు బండిచక్రం ఆకుల్లా నడుమ నుంచి అంచుకు పరుచుకుంటాయి. పచ్చిపండులో అవి సరిగా కనబడవు, రసం ఉబ్బు వాటిని మింగేస్తుంది. పండులో నూటికి 85 పాళ్లకు పైగా నీళ్లే మరి. ఆ నీళ్లు పోయాక రసపు తిత్తులు ఒకదానికొకటి అతుక్కుని తేనెరంగు పొర అవుతాయి. తొక్క పాకం రంగుకి తిరిగి అంచు కాస్త అలలా లేస్తుంది. గింజ జారిన చోట చెవిపోగు కన్నమంత ఖాళీ.

మెదక్ చర్చిలో ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించిన రంగుటద్దాల కిటికీలను పగటిపూట బయటినుంచి చూస్తే మసిపట్టిన పలకల్లా ఉంటాయి. లోపలికెళ్లి వెలుగుకు ఎదురుగా నిలబడితేనే బొమ్మ లేస్తుంది. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించిన ఆ గుడికీ ఈ వంటింటి దండకీ కిటుకు ఒకటే, వెలుగు రంగులోంచి రావాలి. అద్దాల మధ్య సీసపు పట్టీ చేసే పని ఇక్కడ తెల్లపొర చేస్తుంది. వెనక ఎండ ఉంటే ఆ తెలుపే ముదురు గీత.

అందుకే వీటిని క్రిస్మస్ చెట్టు లోపలి కొమ్మలకు తగిలించేవాళ్లతో నాకు పేచీ. వెనక చీకటి ఉంటే అది వట్టి ఒరుగు. (చెట్టు మీది దీపం సరిగ్గా దాని వెనకే పడితే వేరే సంగతి.) వార్నిష్, మెరుపుపొడి పూసేవాళ్ల గురించి మాట్లాడను. యాపిల్ చక్రాలు కూడా గుచ్చుతారు. అడ్డకోతలో దాని నడుమ ఐదు కోణాల నక్షత్రం దొరుకుతుంది, ఈ పండక్కి అంతకన్నా ఏం కావాలి! కానీ కండ తోలులా ముడుచుకుని వెలుగును ఆపేస్తుంది. నక్షత్రం ఉంటుంది గానీ వెలగదు.

అక్క ఒక్కో చక్రానికీ తొక్క లోపలి అంచున రెండు కన్నాలు పొడిచి దారం ఎక్కించింది. ఒక్క కన్నమే అయితే గాలికి తిరిగి పక్కకి చూస్తాయట.

“పాలవెల్లికి వెలక్కాయ కట్టేది నేనే కదరా, ముడి వేళ్లకి గుర్తుంది,” అంది.

పాలవెల్లి బత్తాయి తన బరువుతో దారాన్ని బిగలాగుతుంది. వీటికి అప్పడమంత బరువు. కింద పొయ్యి వెలిగిస్తే చాలు, ఆ వేడిగాలికే కదులుతాయి.

నాలుగు దాటాక ఎండ పక్కింటి కప్పు వెనక్కి జారింది. కిందివి ముందు ఆరిపోయాయి. పైనున్న ఒక్క చక్రంలో, గింజ కన్నంలోంచి దూరిన వెలుగుచుక్క ఎదుటి గోడ మీద కాసేపు వణికింది.