పరిచయాలకు కట్టిన ఊరు

లండన్ పాడింగ్టన్ స్టేషన్‌లో రైలెక్కితే గంటన్నర లోపే బాత్ వస్తుంది. ఇంగ్లండ్‌కు నైరుతి దిక్కున, ఏవన్ నది వంపులో, పచ్చని కొండల నడుమ తేనెరంగు రాతితో కట్టిన ఊరు. పొద్దున వెళ్ళి రోమన్ స్నానఘట్టాలు చూసి, రాయల్ క్రెసెంట్ ముందు ఫొటో దిగి, చీకటిపడే వేళకు లండన్ చేరుకునేవాళ్ళు చాలామంది. అలా చూసినా కడుపు నిండే ఊరే. అయితే ఇక్కడి కట్టడాలకంటే నాకు విలువైనదిగా తోచేది ఇక్కడి ఒక విద్య. ముక్కూమొహం తెలియని మనుషుల్ని ఒకచోట చేర్చి, నాలుగు రోజుల్లో ఒకరికొకరిని పరిచయస్తుల్ని చేసే విద్య అది. రెండువేల ఏళ్ళుగా రోగులు, సైనికులు, జూదగాళ్ళు, పెళ్ళీడు కూతుళ్ళను వెంటబెట్టుకొచ్చిన తల్లులు ఈ ఊరికి వస్తూనే ఉన్నారు. వాళ్ళందరినీ కలిసి మసలనివ్వడానికి బాత్ కొన్ని పద్ధతులు ఏర్పరచుకుంది. ఇప్పటి ఉత్సవాల్లో సందర్శకులు అనుభవించేది ఆ పద్ధతులనే.

అన్నిటికీ మూలం నీళ్ళు. దక్షిణాన మెండిప్ కొండలమీద వేల ఏళ్ళ క్రితం కురిసిన వాన సున్నపురాతి పొరల గుండా రెండున్నర కిలోమీటర్లకంటే లోతుకు ఇంకి, భూమి వేడికి కాగి, రాతి పగుళ్ళ వెంట పైకి తన్నుకొస్తుందని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. అలాంటి ఊటలు ఊళ్ళో మూడున్నాయి. వాటిలో పెద్దదైన కింగ్స్ స్ప్రింగ్‌లో నీళ్ళు 46 డిగ్రీల వేడిమీద, రోజుకు దాదాపు 11.7 లక్షల లీటర్లు ఊరుతుంటాయి. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ఇక్కడికొచ్చిన రోమన్లకు ఎదురైంది వేడి నీళ్ళు చిమ్మే బురదగుంట. ఆ బురదలోకి ఓక్ దుంగలు దిగ్గొట్టి నేలను గట్టిపరిచారు. ఊట చుట్టూ రాతి గోడ లేపి, నీళ్ళు కారిపోకుండా లోపల సీసం రేకులు పరిచారు. పక్కనే కట్టిన గ్రేట్ బాత్ అనే పెద్ద కొలను అడుగున 45 సీసం రేకులున్నాయి. నిలబడితే నీళ్ళు భుజాలదాకా వస్తాయి. మిగులు నీటిని నదిలోకి తీసుకెళ్ళడానికి వాళ్ళు కట్టిన కాలువ ఈనాటికీ పనిచేస్తోంది. దాని దగ్గర కాసేపు నిలబడాలి. ఆవిర్లు కక్కుతూ నీళ్ళు నారింజరంగు మరకలు కట్టిన రాళ్ళమీంచి దూకుతుంటాయి. నన్నడిగితే ఈ స్నానఘట్టాల మ్యూజియంలో ఇంతకన్నా గొప్ప ప్రదర్శన లేదు.

రోమన్లు ఇక్కడ చేసిన తెలివైన పని మరొకటుంది. స్థానికులు ఆ ఊటను సూలిస్ అనే దేవతగా కొలిచేవారు. రోమన్లు ఆమెను తోసేయలేదు, తమ మినర్వాను ఆమెతో జతచేసి సూలిస్ మినర్వా అన్నారు. అలా ఆ గుడికి ఇరువైపులవాళ్ళూ రావడానికి దారి దొరికింది. మొక్కుగా ఊటలో వేసిన నాణేలు పన్నెండు వేలకు పైగా దొరికాయి. సుమారు 130 శాపపత్రాలు కూడా దొరికాయి. సీసపు రేకుమీద గీకి, చుట్టచుట్టి, నీళ్ళలో పడేసిన ఫిర్యాదులవి. ఎక్కువ భాగం దొంగతనాల గురించే. డోసిమెడిస్ అనే అతను తన చేతితొడుగుల జత పోయిందని, తీసినవాడికి మతీ కళ్ళూ పోవాలని దేవతను వేడుకున్నాడు. రోమన్ సామ్రాజ్యం గురించి ఎన్ని పుస్తకాలు చదివినా రాని దగ్గరితనం ఆ చిన్న రేకుముక్కను చూస్తే వస్తుంది.

గ్రేట్ బాత్‌లో ఇప్పుడెవరినీ దిగనివ్వరు. పైకప్పు లేక ఎండ తగిలే ఆ నీళ్ళు నాచుతో పచ్చగా ఉంటాయి, శుద్ధిచేసినవి కావు. స్నానం చేయాలనుకునేవాళ్ళు దగ్గర్లోనే 2006లో తెరిచిన థర్మే బాత్ స్పాకు వెళ్ళాలి. డాబామీది కొలనులో మెడలోతు వేడినీళ్ళలో ఉండి అబ్బే చర్చి గోపురం చూడవచ్చు. చలికాలం సాయంత్రమైతే మరీ బాగుంటుంది. తాగాలనుకుంటే పంప్ రూమ్ అనే పాత హాలులో శుద్ధిచేసిన ఊటనీరు ఇస్తారు. గోరువెచ్చగా, ఖనిజాల రుచితో ఉంటుంది. ఒక గుక్కతో ఆగిపోయేవాళ్ళే ఎక్కువ. అయినా ఆ గుక్క తాగాల్సిందే. 18వ శతాబ్దంలో జనం ఆ నీళ్ళ కోసం నెలల తరబడి ఇక్కడ మకాం వేసేవారు. పేద రోగుల కోసం 1738లో స్థాపించిన మినరల్ వాటర్ హాస్పిటల్‌లో ఒక వింత నియమం ఉండేది: బాత్ ఊరివాళ్ళకు అందులో చోటు లేదు. బయటినుంచి వచ్చినవాళ్ళకే. వచ్చేటప్పుడు కొంత సొమ్ము ధరావతు కట్టాలి. నయమైతే తిరుగు ప్రయాణానికి, కాకపోతే అంత్యక్రియలకు. ఊరు ఎవరికోసం నడిచిందో ఆ ఒక్క నియమంలో తెలుస్తుంది.

ఈ రాకపోకలకు ఒక క్రమం నేర్పినవాడు రిచర్డ్ నాష్. అందరూ బ్యూ నాష్ అనేవారు. డబ్బున్న ఇంటివాడు కాడు, జూదం మీద బతికాడు. 1705 ప్రాంతంలో ఉత్సవ నిర్వాహకుడి బాధ్యత తీసుకుని, 1761లో చనిపోయేదాకా వదల్లేదు. ఊళ్ళోకి ఎవరైనా కొత్తగా వస్తే అబ్బే గంటలు మోగేవి. నాష్ స్వయంగా వెళ్ళి పలకరించేవాడు. మగవాళ్ళు కత్తులు తగిలించుకుని తిరగకూడదన్నాడు. నాట్యశాలలోకి బూట్లతో రాకూడదన్నాడు. నాట్యం సాయంత్రం ఆరింటికి మొదలై రాత్రి పదకొండింటికి ఆగాలి. ఇంకొక్క నాట్యం అని రాజకుమారి అమీలియా అడిగినా ఒప్పుకోలేదని చెబుతారు. పైకి ఇవి మర్యాదల చాదస్తంగా కనిపిస్తాయి. కానీ ప్రభువుకూ వ్యాపారికీ నియమం ఒకటే అయినప్పుడు ఇద్దరూ ఒకే గదిలో తిరగగలుగుతారు. ఆనాటి లండన్‌లో ఆ ఇద్దరూ అలా ఎదురుపడే సందర్భాలు అరుదు.

నాష్ మర్యాదలకు తగ్గ వేదిక కట్టినవాళ్ళు వాస్తుశిల్పి జాన్ వుడ్, అదే పేరున్న అతని కొడుకు. రాయి రాల్ఫ్ అలెన్ అనే ఆయన గనులనుంచి వచ్చింది. కూమ్ డౌన్ కొండమీద తవ్వి, పట్టాలమీద బళ్ళతో నదీతీరానికి దించేవారు. ఈ రాయి గనిలోంచి తీసినప్పుడు తడిగా, మెత్తగా ఉంటుంది, ఎటు కోసినా తెగుతుంది. గాలికి ఆరేకొద్దీ గట్టిపడుతుంది. అందుకే అంత సున్నితమైన చెక్కడం సాధ్యమైంది. 1767 నుంచి 1774 వరకు కట్టిన రాయల్ క్రెసెంట్‌లో 30 ఇళ్ళు అర్ధచంద్రాకారంలో నిలబడి, 114 స్తంభాలతో ఒకే రాజభవనంలా కనిపిస్తాయి. నిర్మాణ పద్ధతి తెలియాలంటే వెనక్కి నడవాలి. కొడుకు వుడ్ గీసింది ముందు గోడ మాత్రమే. ఆ వెనక స్థలాలు తీసుకున్నవాళ్ళు ఎవరి అవసరానికి తగ్గట్టు వాళ్ళు కట్టుకున్నారు. వెనకవైపు ఒక కప్పు ఎత్తుకు ఇంకో కప్పు కలవదు, ఒక కిటికీ వరసకు ఇంకోటి సరిపడదు. సందర్శకుల్లో చాలామంది ముందు పచ్చికనుంచే తిరిగిపోతారు, వెనక సందులోకి తప్పక వెళ్ళాలని నా మనవి.

క్రెసెంట్‌కు దగ్గర్లోనే సర్కస్ అనే వలయాకారపు వీధి ఉంది. అక్కడ 14వ నంబరు ఇంటిముందు తెలుగువాళ్ళు ఒక నిమిషం ఆగాలి. రాబర్ట్ క్లైవ్ ఉన్న ఇల్లది. 1765లో మొగల్ చక్రవర్తి షా ఆలం నుంచి ఉత్తర సర్కారుల ఫర్మానా పొందింది ఈయనే. శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా జిల్లాల భవితవ్యం ఆ కాగితంతో మలుపు తిరిగింది. ఈ ఊరి సొగసులోకి పారిన డబ్బులో భారతదేశపు సొమ్ముంది, కరీబియన్ దీవుల్లో బానిసలచేత పండించిన చెరకు సొమ్ముంది. రాళ్ళను చూసి ముచ్చటపడుతూనే అది కూడా గుర్తుంచుకుంటే ఊరు సరిగ్గా అర్థమవుతుంది.

మనకు ఇష్టంగా తలచుకోదగిన సంబంధమూ ఒకటుంది. 1948లో మొదలైన బాత్ సంగీతోత్సవానికి 1959 నుంచి దాదాపు పదేళ్ళు వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనుహిన్ సారథ్యం వహించారు. 1966లో ఆయన పండిట్ రవిశంకర్‌ను పిలిచి, వేదికమీద పక్కన కూర్చుని, సితార్‌కు జతగా వయొలిన్ వాయించారు. భిన్న సంప్రదాయాలవాళ్ళు కలిసి వాయించడం ఇప్పుడు మామూలైంది. ఆనాడు అది సాహసం. వాళ్ళిద్దరి తర్వాతి రికార్డులకు ఆ కచేరీయే నాంది. ఆ ఉత్సవమే ఇప్పుడు సాహిత్యాన్నీ కలుపుకుని బాత్ ఫెస్టివల్ పేరుతో మే నెలలో జరుగుతోంది. నవంబరులో మొజార్ట్ సంగీతానికి ప్రత్యేకంగా ఒక ఉత్సవం ఉంది. నవంబరు చివరినుంచి అబ్బే చుట్టూ క్రిస్మస్ సంత పెడతారు. జనం కిటకిటలాడతారు, వారాంతంలో వెళ్ళకపోవడం మేలు.

ఒక్క ఉత్సవానికే వెళ్ళగలిగితే నేను సెప్టెంబరులో జరిగే జేన్ ఆస్టిన్ ఫెస్టివల్‌కే ఓటేస్తాను. 2001లో మొదలైంది, పది రోజులు నడుస్తుంది. నవలా రచయిత్రి ఆస్టిన్ 1801 నుంచి 1806 దాకా ఈ ఊళ్ళో ఉంది. ‘నార్థాంగర్ ఆబీ’, ‘పర్స్యుయేషన్’ నవలల్లో ఇక్కడి వీధులూ నాట్యశాలలూ కథను నడిపిస్తాయి. మన ప్రేక్షకులకు ఆమె కొత్తేమీ కాదు. రాజీవ్ మీనన్ తమిళంలో తీయగా ‘ప్రియురాలు పిలిచింది’గా తెలుగులోకి వచ్చిన సినిమాకు ఆధారం ఆమె ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’యే.

ఉత్సవంలో అందరికీ కనబడేది ఊరేగింపు. వందలమంది రెండు శతాబ్దాల కిందటి వేషాల్లో వీధులవెంట నడుస్తారు. 2014లో 550 మందితో గిన్నిస్ రికార్డు కూడా నెలకొల్పారు. ఆ దుస్తుల్లో చాలావాటిని వేసుకున్నవాళ్ళే పాత కొలతలు చూసి కుట్టుకుంటారు. ఆడవాళ్ళ గౌనుకు నడుము రొమ్ము కిందే వస్తుంది, అక్కడినుంచి గుడ్డ నేలదాకా జారుతుంది. ముతక గుడ్డ అలా జారదు. అందుకే ఆ కాలంలో పలుచని నూలు వస్త్రం, మస్లిన్, అంత మోజైంది. దాని అసలు పుట్టిల్లు బెంగాల్. ‘నార్థాంగర్ ఆబీ’లో బాత్ నాట్యశాలలోనే కథానాయకుడు టిల్నీ మస్లిన్ బేరాల గురించి ఒక పెద్దావిడతో మాట్లాడతాడు, చెల్లెలికి అసలైన ఇండియన్ మస్లిన్ చౌకగా కొన్నానని చెప్పుకుంటాడు. దానికంటే ముందు ఇంగ్లండ్‌ను ఊపేసిన అద్దకం బట్టల్లో మన మచిలీపట్నం తీరంనుంచి వెళ్ళినవీ ఉన్నాయి.

ఊరేగింపు చూడటానికి. నాట్యం మాత్రం దిగి ఆడితేనే తెలుస్తుంది. పంప్ రూమ్, గిల్డ్‌హాల్ వంటి పాత హాళ్ళలో ఇక్కడ బాల్‌లు అనే నాట్యసభలు జరుగుతుంటాయి. 1771లో తెరిచిన అసెంబ్లీ రూమ్స్ ఈ నాట్యాలకు అసలు ఇల్లు. 1942 ఏప్రిల్‌లో జర్మన్ బాంబులకు లోపలంతా కాలిపోయింది. షాండిలియర్లను ముందే విప్పి దాచడంవల్ల అవి దక్కాయి. హాలును మళ్ళీ కట్టి 1963లో తెరిచాక వాటిని తిరిగి తగిలించారు.

ఈ హాళ్ళలో ఆడే కంట్రీ డాన్సు మన కోలాటానికి దగ్గరి చుట్టంలా ఉంటుంది, కర్రలుండవు. మగవాళ్ళు ఒక వరస, ఆడవాళ్ళు ఎదురుగా ఒక వరస. వాద్యబృందానికి దగ్గరగా ఉన్నది పై జంట. పాట ఎనిమిదేసి లెక్కల చొప్పున సాగుతుంది, ఒక్కో కదలిక ఒక్కో ఎనిమిదికి సరిపోవాలి. పై జంట, దాని కింది జంట కలిసి నలుగురు. కుడిచేతులు మధ్యలో కలిపి చక్రంలా తిరగడం ‘హ్యాండ్స్ ఎక్రాస్’. ఒకరినొకరు విడిచి వరస వెనకనుంచి చుట్టి రావడం ‘కాస్ట్ ఆఫ్’. జడ అల్లినట్టు ఒకరి పక్కనుంచి ఒకరు దూరిపోవడం ‘హే’. ఇవన్నీ అయ్యేసరికి పై జంట ఒక మెట్టు కిందికి, కింది జంట ఒక మెట్టు పైకి చేరుతుంది. మళ్ళీ పాట మొదలు. పై జంటకు ఇప్పుడు కొత్త జంట ఎదురవుతుంది. ఇలా వరస చివరిదాకా దిగేలోపు ఒక జంట ఆ వరసలోని ప్రతి జంటతోనూ చేయి కలిపినట్టే. పరిచయం చేసేవాళ్ళు అక్కర్లేదు, ఆ పని నాట్యమే చేసేస్తుంది.

మధ్యలో వంతు రాని జంటలు ఊరికే నిలబడి ఉంటాయి. మొదటిసారి చూస్తే ఇదొక లోపమనిపిస్తుంది. నాకైతే నాట్యం మొత్తంలో తెలివైన ఏర్పాటు ఇదే. అవతలి మనిషితో మాట్లాడే సమయం అప్పుడే దొరుకుతుంది, అందరి కళ్ళముందే కాబట్టి ఎవరూ తప్పుపట్టరు. ఒక జంట కలిసి వరసగా రెండు నాట్యాలాడటం ఆనాటి ఆనవాయితీ, అంటే సుమారు అరగంట. అంతకు మించి ఒకరితోనే ఆడితే ఊరంతా చెవులు కొరుక్కునేది. ఆస్టిన్ నవలల్లో ఎవరు ఎవరితో ఎన్నిసార్లు ఆడారన్నది ఎందుకంత ముఖ్యమో ఒక్కసారి ఆ వరసలో నిలబడినవాళ్ళకు ఇట్టే తెలిసిపోతుంది.

రాదని జంకనక్కర్లేదు. బాల్‌కు ముందు పగటిపూట నేర్పే తరగతులుంటాయి. హాల్లో కూడా కదలికల పేర్లు పైకి చెబుతూ నడిపించే కాలర్ ఉంటారు, పాట మొదలయ్యేముందు అందరినీ ఒకసారి నడిపించి చూపుతారు. టికెట్లూ ఊళ్ళో గదులూ నెలలముందే అయిపోతాయి కనుక వేసవిలోనే చూసుకోవాలి. గౌను కుట్టించుకోలేనివాళ్ళకు అద్దె దుస్తులు దొరుకుతాయి. చెప్పులు మాత్రం మెత్తటి అడుగున్నవి తీసుకెళ్ళాలి, రాత్రంతా గెంతులే. తొలిసారి వెళ్ళేవాళ్ళు వరసకు పైన నిలబడకూడదు. నడిమికంటే కాస్త కిందుగా, ఇటూ అటూ బాగా వచ్చినవాళ్ళు ఉండేలా చూసుకుంటే మంచిది. తమ వంతు వచ్చేలోపు పైవాళ్ళను చూసి సగం నేర్చేసుకోవచ్చు, మిగతా సగం ఎదురుగా చేయి చాపినవాళ్ళే నడిపిస్తారు.