ఆయుధాలు అడిగిన మాటలు

1940 డిసెంబరు రెండో వారంలో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కరీబియన్ సముద్రంలో, టస్కలూసా అనే యుద్ధనౌక మీద ఉన్నారు. మూడోసారి ఎన్నికల్లో నెగ్గాక కాస్త విశ్రాంతి కోసం బయల్దేరిన ప్రయాణమది. నీటి మీద దిగే విమానం ఆయనకు టపా తెచ్చేది. లండన్ నుంచి బ్రిటిష్ ప్రధాని చర్చిల్ రాసిన ఉత్తరం ఆ టపాలోనే వచ్చింది. డిసెంబరు 8 తేదీ వేసిన ఆ ఉత్తరం దాదాపు నాలుగు వేల మాటలు. చర్చిల్ అనగానే అందరికీ గుర్తొచ్చేవి పార్లమెంటు ప్రసంగాలు, రేడియోలో ఆ గంభీరమైన గొంతు. అవి సొంత ప్రజలకు ధైర్యం చెప్పిన మాటలు. అమెరికా ఆయుధాలకు దారి తెరవడంలో మాత్రం ఆ ప్రసంగాలన్నిటికంటే ఈ ఉత్తరం చేసిన పనే పెద్దదని నా నమ్మకం.

అప్పటికి మూడు నెలలుగా లండన్ మీద బాంబులు పడుతున్నాయి. నవంబరు 14 రాత్రి కోవెంట్రీ నగరం కాలిపోయింది. కలం పట్టిన వాళ్లెవరైనా ఆ మంటల దగ్గరే మొదలుపెడతారు. చర్చిల్ అలా చేయలేదు. రెండు దేశాల క్షేమం ఒకదానితో ఒకటి ముడిపడి ఉందని ముందుగా చెప్పి, నేరుగా ఓడల లెక్కలోకి దిగారు. బ్రిటన్ పూర్తి బలంతో పోరాడాలంటే ఏడాదికి 4.3 కోట్ల టన్నుల సరుకు సముద్రం మీద రావాలి. నవంబరు 3తో ముగిసిన అయిదు వారాల్లోనే 4,20,300 టన్నుల ఓడలు మునిగాయి. ఈ లెక్క తర్వాత ఏం కావాలో వరసగా రాశారు: సరుకు ఓడలకు కాపలా, కొత్త ఓడలు, నెలకు మరో రెండు వేల విమానాలు. డబ్బు సంగతి అన్నిటికంటే చివర ఎత్తారు. రొక్కం చెల్లించలేని రోజు దగ్గరపడుతోందని ఒప్పుకున్నారు. ఇంత ఇవ్వండి అని మొత్తం చెప్పలేదు, ఎలా ఇవ్వాలో కూడా చెప్పలేదు. దారి వెతకడం అధ్యక్షుడికే వదిలేశారు.

ఆ వదిలేయడం వెనక ఎంతో ఆలోచన ఉంది. మొదటి ప్రపంచయుద్ధం బాకీలు ఎగ్గొట్టిన దేశాలకు అప్పు ఇవ్వకూడదని 1934లోనే అమెరికా చట్టం చేసుకుంది. 1939 నాటి తటస్థతా చట్టం ప్రకారం ఆయుధాలు కొనేవాళ్లు రొక్కం చెల్లించి తమ ఓడల్లోనే పట్టుకుపోవాలి. ఆ ముడి ఎలా విప్పాలో అమెరికా అధ్యక్షుడికి తెలిసినంతగా బ్రిటిష్ ప్రధానికి తెలియదు. పైగా దారి రూజ్‌వెల్ట్ కనిపెడితే అది ఆయన సొంత ఆలోచన అవుతుంది, తన ప్రజల ముందు ఆయనే దాన్ని సమర్థించుకుంటారు. ఉత్తరం ముగింపు మరీ గొప్పది. నాజీల ఓటమి అమెరికాకూ ముఖ్యమని మీరు నమ్మితే దీన్ని సాయం కోసం విన్నపంగా చూడరు, మన ఉమ్మడి పని నెరవేరడానికి చేయవలసిన కనీస పనుల జాబితాగా చూస్తారు అన్నది ఆ వాక్యాల సారం. అడిగిన మనిషి తల వంచలేదు. ఇచ్చే మనిషికి దాత గర్వానికీ చోటు మిగల్చలేదు.

ఈ ఉత్తరం రాయాలని పట్టుబట్టిన మనిషి వాషింగ్టన్‌లో బ్రిటిష్ రాయబారి లోథియన్. చిత్తుప్రతి చాలాసార్లు మారింది. ఫలితం చూడకుండానే డిసెంబరు 12న ఆయన కన్నుమూశారు. అయిదు రోజులకు, 17న, రూజ్‌వెల్ట్ విలేకరులను పిలిచి తోట గొట్టం కథ చెప్పారు. పక్కింటికి నిప్పంటుకుంటే మన గొట్టం ఇస్తాం, దాని ధర ముందు కట్టమని అడగం, మంటలు ఆరాక గొట్టం తిరిగిస్తే చాలంటాం. ఓడల టన్నులు, విమానాల సంఖ్యలు కాన్సాస్ రైతుకు అక్కర్లేదు, గొట్టం సంగతి అర్థమవుతుంది. 1941 మార్చి 11న లెండ్-లీజ్ చట్టం మీద సంతకం పడింది. ప్రతినిధుల సభలో ఆ బిల్లు నంబరు 1776. అమెరికా బ్రిటన్ నుంచి విడిపోయిన సంవత్సరం నంబరుగా ఉన్న బిల్లుతోనే బ్రిటన్‌కు ప్రాణం పోశారు. యుద్ధం ముగిసేసరికి ఆ చట్టం కింద మిత్రదేశాలకు అందిన సాయం సుమారు 5,000 కోట్ల డాలర్లు. అందులో 3,100 కోట్ల దాకా బ్రిటన్, దాని సామ్రాజ్య దేశాలదే.

యుద్ధంలో సాయం అడిగే విద్యకు మూలం ఇక్కడే ఉందనుకుంటాను. అడిగేవాడు తన కష్టం చెప్పుకుంటే సరిపోదు. ఇచ్చేవాడు రేపు తన ఇంట్లో, తన జనం ముందు చెప్పుకోగల కారణం ఒకటి అతని చేతికి అందించాలి.

చర్చిల్ ఎప్పుడూ ఇంత సౌమ్యంగా అడిగారని కాదు. ప్రధాని అయిన అయిదో రోజే, 1940 మే 15న, నలభై యాభై పాత డిస్ట్రాయర్ నౌకలు ఇవ్వమని రూజ్‌వెల్ట్‌కు తంతి పంపారు. మరో అయిదు రోజులకు పంపిన తంతిలో బెదిరింపు వాసన ఉంది. ఈ ప్రభుత్వం కూలి, శిథిలాల మధ్య జర్మనీతో బేరమాడే వేరే మనుషులు వస్తే వాళ్ల చేతిలో మిగిలేది బ్రిటిష్ నౌకాదళం ఒక్కటేనని గుర్తుచేశారు. అట్లాంటిక్‌లో ఆ నౌకలు హిట్లర్ పరమైతే అమెరికా తీరం గతేమిటో ఆలోచించుకోమని దాని అర్థం. సెప్టెంబరులో యాభై నౌకలు ఇచ్చే ఒప్పందం కుదిరింది. బదులుగా న్యూఫౌండ్‌లాండ్ నుంచి కరీబియన్ దాకా సైనిక స్థావరాలకు 99 ఏళ్ల హక్కు ఇవ్వాల్సి వచ్చింది. 1941 ఫిబ్రవరి 9 రేడియో ప్రసంగంలోనేమో పనిముట్లు ఇవ్వండి, పని మేం పూర్తిచేస్తాం అన్నారు. పరాయి యుద్ధాలకు మీ బిడ్డలను పంపనని రూజ్‌వెల్ట్ ఎన్నికల ప్రచారంలో అమెరికన్ తల్లిదండ్రులకు మాట ఇచ్చి నాలుగు నెలలు కాలేదు. ఆ మాటకు భంగం రాకుండా కట్టిన వాక్యమది.

ఈ విద్య మన వాళ్లకు తెలియనిది కాదు. తిరుపతి వేంకట కవుల నాటకంలోని పడక సీను పద్యాలు తెలుగు పల్లెల్లో నిరక్షరాస్యులు సైతం పాడేవారు. ఆ సీను యుద్ధసాయం అడగడానికి ఇద్దరు ఒకే గుమ్మంలోకి వచ్చిన కథే. దుర్యోధనుడు ముందొచ్చి, నిద్రలో ఉన్న కృష్ణుడి తలవైపు కూర్చున్నాడు. అర్జునుడు ఆయన కళ్లు తెరవగానే కనిపించే చోట కూర్చున్నాడు.

సత్యం, ధర్మం రెండూ తనవైపే ఉండి కూడా ఓడిన ప్రసంగం ఒకటుంది. నాకు అన్నిటికంటే ప్రియమైనది అదే. 1936 జూన్ 30న ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీ జెనీవాలో నానాజాతి సమితి ముందు నిలబడ్డారు. ముస్సోలినీ సేనలు అడిస్ అబాబాలోకి వచ్చి రెండు నెలలు కూడా కాలేదు. ఆయన నోరు విప్పబోతుంటే గ్యాలరీలోని ఇటలీ విలేకరులు ఈలలు వేశారు, వాళ్లను బయటికి పంపాల్సి వచ్చింది. ఆయనకు ఫ్రెంచి బాగా వచ్చు. అయినా తన అమ్హారిక్ భాషలోనే మాట్లాడారు. విమానాలు వరసలు కట్టి విషవాయువు చిమ్మిన తీరు, అది మనుషుల మీద, పశువుల మీద, చెరువుల మీద, పచ్చికబయళ్ల మీద సన్నని వానలా కురిసిన తీరు వివరించారు. ఇది ఇథియోపియా ఒక్కదాని సమస్య కాదని, చిన్న దేశాలకు ఇచ్చిన మాటకు విలువ ఉందా లేదా అన్నదే ప్రశ్న అని హెచ్చరించారు. నా ప్రజలకు ఏం జవాబు తీసుకెళ్లమంటారని అడిగారు.

రెండు వారాలకే ఇటలీ మీది ఆంక్షలు ఎత్తేశారు. ఇథియోపియా అడిగిన అప్పూ పుట్టలేదు. ఆయన ప్రసంగంలో లోపమేమీ నాకు కనిపించదు. హిట్లర్‌కు అడ్డుగా ముస్సోలినీని తమవైపు నిలుపుకోవాలని బ్రిటన్, ఫ్రాన్స్ ఆశపడ్డాయి. ఆ ఆశ ముందు ధర్మం నిలవలేదు. అదే బ్రిటన్‌తో 1940లో ఇటలీ యుద్ధానికి దిగాక హైలే సెలాసీ అవసరమయ్యారు. 1941 మే 5న ఆయన తిరిగి రాజధానిలో అడుగుపెట్టారు. అంతకుముందు ఎరిత్రియాలోని కెరెన్ కొండల మీద ఇటలీ సేనల నడుం విరిచిన వాళ్లలో భారత సైనికులు చాలామంది.

1943 ఫిబ్రవరి 18న అమెరికా కాంగ్రెస్ ముందు చైనా తరఫున మాట్లాడిన, ఆ దేశాధినేత భార్య సూంగ్ మే-లింగ్ కథ వేరు. ఆమె అమెరికాలో పెరిగి, 1917లో వెల్స్‌లీ కాలేజీలో పట్టా పుచ్చుకున్నారు. జపాన్‌ను ఓడించడం తర్వాత చూసుకోవచ్చన్న ఆలోచన తప్పని చక్కని ఇంగ్లీషులో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నారు. ముందు హిట్లర్, తర్వాతే జపాన్ అన్న విధానం మాత్రం మారలేదు. అయితే చైనీయులను దేశంలోకి రానివ్వని 1882 నాటి చట్టం అదే ఏడాది డిసెంబరులో రద్దయింది. ఏడాదికి కేవలం 105 మందికి దారి తెరిచారు. ఆమె కలిగించిన సుహృద్భావం అందుకు తోడ్పడింది.

ఈ చోట మన దేశం సంగతి చెప్పకుండా దాటలేను. 1943లో బెంగాల్ ఆకలితో చచ్చిపోతుంటే తిండిగింజలకు ఓడలు కావాలని ఢిల్లీ నుంచి వైస్రాయి, లండన్‌లో భారత వ్యవహారాల మంత్రి ఏమరీ పదేపదే అడిగారు. చర్చిల్ మంత్రివర్గం అడిగినంత ఇవ్వలేదు. ఓడ ఒక్కటి మునిగితే ఎన్ని ప్రాణాల మీదికి వస్తుందో రూజ్‌వెల్ట్‌కు అంత వివరంగా రాసిన మనిషి ఆయనే. 1944 ఏప్రిల్ 29న మాత్రం, ఆస్ట్రేలియా గోధుమలు ఇండియాకు తేవడానికి ఓడలు ఇవ్వమని ఆయన రూజ్‌వెల్ట్‌ను అడిగారు. సైనిక అవసరాల వల్ల కుదరదని జవాబొచ్చింది. అప్పటికే లక్షల మంది పోయారు. బెంగాల్ రైతుకూలీ తరఫున మరో దేశపు సభలో నిలబడి మాట్లాడే హక్కున్న మనిషి ఒక్కరూ లేరు. స్వాతంత్ర్యం లేకపోవడమంటే సాయం అడిగే గొంతు కూడా లేకపోవడమని ఆ కరువు నేర్పింది.

2022 ఫిబ్రవరి 24న రష్యా దాడి మొదలయ్యాక ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ ఈ విద్యను కొత్త దారిలో నడిపించారు. కీవ్ వదలకుండా తెర మీదే ఒక్కో దేశపు పార్లమెంటులోకి వెళ్లారు. మార్చి 8న బ్రిటన్ ఎంపీలకు చర్చిల్ మాటల వరస గుర్తొచ్చేలా అడవుల్లో, పొలాల్లో, వీధుల్లో పోరాడతామన్నారు. మార్చి 16న అమెరికాకు పెర్ల్ హార్బర్, సెప్టెంబరు 11 గుర్తుచేశారు. మర్నాడు జర్మనీకి బెర్లిన్ గోడ, తర్వాతి రోజుల్లో జపాన్‌కు చెర్నోబిల్, ఫ్రాన్స్‌కు వెర్డన్, స్పెయిన్‌కు గెర్నికా. నటుడిగా బతికిన మనిషికి ఎదుటి గది ఎక్కడ కదులుతుందో తెలుసు. కానీ ఇది పొగడ్త ఒక్కటే కాదు. జర్మన్ పార్లమెంటులో ఆయన నార్డ్ స్ట్రీమ్ గ్యాస్ గొట్టాల పేరెత్తి ముఖం మీదే తప్పుపట్టారు. ఎదుటివాళ్ల గతం ఎత్తడం ప్రమాదమని ఇజ్రాయెల్‌లో తేలింది. మార్చి 20న నాజీల యూదు సంహారంతో తన దేశపు దుస్థితిని పోల్చినప్పుడు అక్కడి సభ్యుల్లో పలువురికి కోపం వచ్చింది. ఆ కోపం న్యాయమైనదే. ఒక జాతి గుండెలో ఉన్న గాయాన్ని బయటివాళ్లు వాదానికి వాడుకోకూడదు.

నా లెక్కలో ఆయన ప్రసంగాల్లో ఉత్తమమైనది 2022 డిసెంబరు 21న వాషింగ్టన్‌లో, నేరుగా కాంగ్రెస్ ముందు, ఇంగ్లీషులో చేసినది. ముందు రోజే బఖ్ముత్ యుద్ధరంగానికి వెళ్లి సైనికులు సంతకాలు చేసిన జెండా తెచ్చి సభకు అందించారు. మా బదులు పోరాడమని మీ సైనికులను మేం ఎప్పుడూ అడగలేదన్నారు. మీ డబ్బు దానం కాదు, ప్రపంచ భద్రత మీద పెట్టుబడి అన్నారు. చర్చిల్ పనిముట్ల వాదమే అది, కొత్త కాలానికి తగ్గట్టు మలిచారు. సభ్యుడు తన నియోజకవర్గానికి వెళ్లి చెప్పుకోవడానికి పనికొచ్చే మాటలు.

2025 ఫిబ్రవరి 28న వైట్‌హౌస్‌లో, కెమెరాల ముందు, అధ్యక్షుడు ట్రంప్, ఉపాధ్యక్షుడు వాన్స్ ఆయనతో వాదులాటకు దిగారు. కృతజ్ఞత చెప్పలేదని నిలదీశారు. సముద్రం అడ్డుగా ఉంది కాబట్టి మీకిప్పుడు తెలియడం లేదు, ముందుముందు తెలుస్తుందని జెలెన్‌స్కీ అనడం ట్రంప్‌కు మంట పుట్టించింది. 1940లో చర్చిల్ తంతి చెప్పిందీ అదే భయం. కాకపోతే అది రహస్యంగా వెళ్లింది, చదివిన మనిషి అప్పటికే సగం నమ్మిన మనిషి. కొద్ది రోజులకు సైనిక సాయం ఆపేశారు, జెడ్డాలో ఇరుదేశాల చర్చల తర్వాత మళ్లీ ఇచ్చారు. ఏప్రిల్ 30న ఉక్రెయిన్ ఖనిజాల రాబడిని పంచుకునే నిధి మీద రెండు దేశాలూ సంతకాలు చేశాయి. జూలైలో మరో ఏర్పాటు మొదలైంది: ఆయుధాలు అమెరికా అమ్ముతుంది, ఖర్చు యూరప్ దేశాలు, కెనడా భరిస్తాయి. ఇప్పుడు కీవ్ నుంచి వెళ్లే ప్రతి మాటా ఇద్దరికి నచ్చాలి. అమ్మేవాడికి లాభం కనిపించాలి, కొనిపెట్టేవాడికి తన సరిహద్దు కనిపించాలి.