తుమ్మజిగురు - ప్రకటనలు, ప్రమాణములు

తుమ్మజిగురు రోగనిరోధకశక్తిని పెంచుననియు, ఒంటి వాపులను అణచుననియు నేడు ప్రకటనలు కనవచ్చుచున్నవి. ఈ రెండు మాటలను జంటగా చెప్పుటలోనే మొదటి చిక్కు కలదు. వాపు, ఎరుపు, వేడి, నొప్పి అనునవి శరీరరక్షణ వ్యవస్థ పనిచేయుచున్నదనుటకు గుర్తులు. ఆ వ్యవస్థలో ఏ భాగము హెచ్చునో, ఏ భాగము తగ్గునో చెప్పనిదే ఈ మాటలకు అర్థము తేలదు.

ముందుగా పదార్థమెట్టిదో చూడవలెను. గమ్ అరబిక్ అను జిగురు ముఖ్యముగా సూడాన్ దేశపు అకేసియా సెనెగల్ చెట్లనుండి లభించును. మన నల్లతుమ్మ జిగురు దానికి దగ్గరి చుట్టము. గాలక్టోజు, అరబినోజు, రామ్నోజు అను చక్కెరలు, గ్లూకురానిక్ ఆమ్లము గొలుసులుగా కూడిన పాలిసాకరైడు ఇది. ఇందు కొద్దిపాటి మాంసకృత్తు కూడ కలదు.

జిగురునకు రక్షణశాస్త్రముతో సంబంధము లేకపోలేదు. 1929లో హైడెల్‌బర్గర్, ఏవరీ, గోబెల్ అను శాస్త్రజ్ఞులు జిగురును ఆమ్లముతో కొంతవరకు విడగొట్టి, న్యుమోకాకస్ క్రిములకు విరుగుడైన సీరముతో కలుపగా అవక్షేపమేర్పడెను. ఆ క్రిముల పైపొరలోని చక్కెరలకును జిగురునకును పోలిక యుండుటయే ఇందుకు కారణము. ప్రతిరక్షకములు చక్కెరల ఆకృతిని గుర్తించగలవని దీనివలన తెలియును. అంతేకాని, జిగురు తిన్నవానికి న్యుమోనియా రాదని కాదు.

జిగురు ఏ మార్గమున శరీరములో ప్రవేశించినదను ప్రశ్న ముఖ్యమైనది. మొదటి ప్రపంచయుద్ధమున నెత్తురు కోల్పోయిన సైనికులకు జిగురు కలిపిన ఉప్పునీటిని రక్తనాళములలోనికి ఎక్కించిరి. అది కాలేయమున పేరుకొనుట మొదలగు దోషములు కనబడగా ఆ పద్ధతి తరువాత మూలబడినది. అచ్చుకూటములలో తడిసిరా అంటుకొనకుండ జిగురునీటిని చల్లిన కాలమున, ఆ తుంపరలను పీల్చిన కార్మికులలో కొందరికి ఉబ్బసము పట్టుకొన్నది. రక్షణశక్తిని కదలించుట ఎల్లప్పుడు మేలు కాదనుటకు ఇదియే తార్కాణము.

ఇక తిన్న జిగురు సంగతి. మన జీర్ణరసములు దానిని అరిగించలేవు. పెద్దప్రేగులోని బాక్టీరియాలు పులియబెట్టగా ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లములు పుట్టును. బ్యుటిరిక్ ఆమ్లము ప్రేగు లోపలిపొర కణములకు ఆహారము. ఇట్టి ఆమ్లములు రక్షణవ్యవస్థ దుడుకును అదుపుచేయు టి-కణములను వృద్ధిచేయునని 2013లో ఎలుకలపై జరిగిన పరిశోధనలు చూపినవి. ప్రకటనల పక్షమున చెప్పదగిన బలమైన మాట ఇదే. కాని అవి ఆ ఆమ్లములను గూర్చిన పరిశోధనలు. తుమ్మజిగురు తిన్న మనుష్యులపై జరిగినవి కావు.

గాజుగిన్నెలోని భక్షకకణములను జిగురు ఉత్తేజపరచినదను వార్తలను ఇంకను జాగ్రత్తగా చదువవలెను. చెట్టు జిగురునకు బాక్టీరియా విషము లేశమాత్రమంటినను ఆ కణములు రెచ్చిపోవును. దానిని పరీక్షించి తొలగించితిరా అనునది మొదటి ప్రశ్న. పైగా, గిన్నెలో కణములను నేరుగా తాకిన జిగురు, తిన్నప్పుడు అదే రూపమున రక్తములో చేరదు.

ఇందువలన జిగురును నిందింప పనిలేదు. అది మంచి పీచుపదార్థము. ఉత్తరదేశమున బాలింతలకు పెట్టు జిగురులడ్డు నేయి, పిండి, బెల్లములతో బలమైన ఆహారమే. అయితే, కీళ్లవాపు గలవారు ప్రకటనను నమ్మి వైద్యము మానినచో నష్టము వారిదే. ఏ జిగురు, ఎంత మోతాదు, ఎవరికిచ్చిరి, ఇవ్వనివారితో పోల్చిరా అను నాలుగు ప్రశ్నలు విద్యార్థులకు అలవడినచో, ఇట్టి ప్రకటనల విలువను వారే కట్టగలరు.